టెస్ట్‌నెట్ వాలెట్ పెట్టుకునే ముందు ఒక్క అరగంట నాకివ్వండి

సాలిడిటీ (ఇథీరియం అనే బ్లాక్‌చెయిన్ మీద ప్రోగ్రామ్‌లు రాసే భాష) నేర్చుకుంటున్నాం, ఎక్కడ మొదలెట్టాలి అని అడిగే పిల్లలందరికీ నేను మొదట చెప్పేది ఒక్కటే. టెస్ట్ వాలెట్ వేరు, డబ్బులుండే వాలెట్ వేరు. ఆ రెండూ ఒకే బ్రౌజర్ ప్రొఫైల్‌లో కూడా ఉండకూడదు. కోడ్ రాయడం, కాంట్రాక్ట్ (చెయిన్ మీద నడిచే ప్రోగ్రామ్) డిప్లాయ్ చెయ్యడం అవన్నీ తర్వాత, ముందు ఇది సరిగ్గా చేసుకోండి, ఎందుకంటే టెస్ట్‌నెట్ (నిజం డబ్బులు లేకుండా ప్రయోగాల కోసం నడిపే నెట్‌వర్క్) మీద మొదటి వారంలో ఏ అలవాట్లు పడతాయో రేపు నిజం డబ్బులు పెట్టినప్పుడు కూడా అవే వస్తాయి. ఇది నేను చాలామందిలో చూశాను.

మా పిన్ని కొడుకు బీటెక్ థర్డ్ ఇయర్. "అన్నా, ఎలాగూ ఉత్తి టెస్ట్ కాయిన్లే కదా, వాలెట్ పోయినా పోయేదేముంది" అన్నాడు. కాయిన్లకి విలువ లేదు, ఆ మాట నిజమే. కానీ వాలెట్ తయారు చేసే కీ, అంటే మన తరఫున సంతకం పెట్టే రహస్య సంఖ్య, మాత్రం ఉత్తిది కాదు నాన్నా, అది అసలైన కీ. చాలామందికి తెలియకుండా ఉండిపోయేది ఈ ఒక్క పాయింటే, కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగుదాం.

మెటామాస్క్ అనే బ్రౌజర్ వాలెట్‌లో అకౌంట్ తెరిస్తే ఒక అడ్రస్ వస్తుంది కదా, సున్నా, దాని పక్కన ఎక్స్, ఆ తర్వాత 40 అక్షరాలు. ఆ అడ్రస్ సెపోలియా అనే టెస్ట్‌నెట్‌లో ఎలా ఉంటుందో అసలు ఇథీరియంలో కూడా అచ్చం అలాగే ఉంటుంది, పాలిగాన్, ఆర్బిట్రమ్ లాంటి వేరే నెట్‌వర్కుల్లోనూ అదే. విజయవాడలో వేసినా నెల్లూరులో వేసినా మన వేలిముద్ర ఒకటే అయినట్టు, నెట్‌వర్క్ ఏదైనా మన కీ ఒకటే. నెట్‌వర్క్ మార్చడం అంటే వాలెట్ వేరే సర్వర్‌తో మాట్లాడటం మొదలెట్టడమే, అంతకు మించి లోపల ఏమీ మారదు. మరి సెపోలియాలో పెట్టిన సంతకాన్ని ఎవరైనా ఎత్తుకెళ్ళి మెయిన్‌నెట్‌లో (నిజం డబ్బులు నడిచే అసలు నెట్‌వర్క్‌లో) వాడేస్తే? ఆ భయం ఒకప్పుడు నిజంగానే ఉండేది. 2016 జులైలో ఇథీరియం, ఇథీరియం క్లాసిక్ విడిపోయినప్పుడు ఒక చెయిన్ మీద పంపిన లావాదేవీని అలాగే రెండో చెయిన్ మీద కూడా వేసేవాళ్ళు, రెండు చోట్లా డబ్బు కదిలిపోయేది. అదే ఏడాది నవంబర్‌లో ఈఐపీ-155 అనే మార్పు తెచ్చి సంతకంలోనే చెయిన్ ఐడీ (ఒక్కో నెట్‌వర్క్‌కీ ఉండే నంబర్) కలిపేలా చేశారు. ఇథీరియం మెయిన్‌నెట్ ఐడీ 1, సెపోలియా ఐడీ 11155111. ఈ నంబర్ గుర్తుపెట్టుకోండి, కింద మళ్ళీ పని పడుతుంది.

అంటే ఇప్పుడు సంతకం ఒక చెయిన్ నుంచి ఇంకో చెయిన్‌కి దూకదు, కానీ కీ దొరికితే మాత్రం అన్ని చెయిన్లూ ఒకేసారి దొరికినట్టే. అందుకే వేరే వాలెట్ అంటున్నాను. వేరే అకౌంట్ కాదండోయ్, వేరే సీడ్ ఫ్రేజ్, అంటే కీలన్నీ పుట్టే ఆ 12 పదాల వరుస. మెటామాస్క్‌లో "యాడ్ అకౌంట్" కొడితే వచ్చే రెండో అకౌంట్, మూడో అకౌంట్ కూడా అదే 12 పదాల నుంచి పుట్టినవే, ఆ పదాలు బయటికి పోతే అన్నీ కలిసే పోతాయి.

ఇక పని మొదలెడదాం. ముందు క్రోమ్‌లో గానీ బ్రేవ్‌లో గానీ కొత్త ప్రొఫైల్ తయారు చెయ్యండి, దానికి "టెస్ట్" అని పేరు, కంటికి కొట్టొచ్చే రంగు. నేనైతే ముదురు నారింజ పెట్టుకున్నాను, విండో పైన ఆ రంగు కనిపిస్తే చాలు ఎక్కడున్నానో తెలిసిపోతుంది. ఈ ప్రొఫైల్‌లో మీ మెయిల్ లాగిన్ అవ్వొద్దు, బ్యాంక్ అసలే వద్దు. తర్వాత మెటామాస్క్ ఎక్స్‌టెన్షన్. దీన్ని గూగుల్‌లో వెతక్కండి, ప్లీజ్. వెతికితే పైన వచ్చే ప్రకటనల్లో నకిలీ సైట్లు దూరిన సందర్భాలు బోలెడు, లోగో అదే, రంగు అదే, నక్క బొమ్మ అదే, దించుకున్నాక సీడ్ ఫ్రేజ్ అడిగి తీసేసుకుంటాయి. అడ్రస్ బార్‌లో మెటామాస్క్ డాట్ ఐఓ అని చేత్తో టైప్ చేసి, అక్కడి బటన్ నుంచే స్టోర్‌కి వెళ్ళండి.

ఇన్‌స్టాల్ అయ్యాక కొత్త వాలెట్ అని ఎంచుకోండి. ఈమధ్య గూగుల్ అకౌంట్‌తోనో ఆపిల్ అకౌంట్‌తోనో మొదలెట్టే దారి కూడా చూపిస్తోంది, తప్పేం లేదు, కానీ నేర్చుకోవడానికి వచ్చాం కాబట్టి సీడ్ ఫ్రేజ్ దారిలోనే వెళ్ళండి, అసలు విషయం అంతా అక్కడే ఉంది. ముందు పాస్‌వర్డ్ అడుగుతుంది. ఈ పాస్‌వర్డ్ మీ కంప్యూటర్లో ఉన్న వాలెట్ ఫైల్‌కి తాళం మాత్రమే, ఇంకో కంప్యూటర్లో దీంతో ఏ పనీ జరగదు, మర్చిపోతే రీసెట్ లింకు పంపే కస్టమర్ కేర్ కూడా ఉండదు. వాలెట్ అంటే ఆ తర్వాత స్క్రీన్ మీద వచ్చే 12 పదాలే.

ఆ 12 పదాలు ఎక్కడివంటే, బిప్-39 అనే ఒక పద్ధతి ఉంది, అందులో 2048 ఇంగ్లిష్ పదాల జాబితా ఉంటుంది, "అబాండన్"తో మొదలై "జూ"తో అయిపోతుంది. అన్నీ మామూలు పదాలే, ఏ రెండు పదాలకీ మొదటి నాలుగు అక్షరాలు ఒకేలా ఉండవు, అంటే చేతిరాత కొంచెం గజిబిజిగా ఉన్నా మొదటి నాలుగు అక్షరాలు చదవగలిగితే పదం దొరికిపోతుంది. ఎంత ముందుచూపుతో చేశారో చూడండి. మీ కంప్యూటర్ 128 బిట్ల యాదృచ్ఛిక సంఖ్య ఒకటి తయారు చేస్తుంది, దానికి 4 బిట్ల చెక్‌సమ్ తగిలిస్తుంది, మొత్తం 132, ఒక్కో పదానికి 11 బిట్ల చొప్పున 12 పదాలు. ఆ చెక్‌సమ్ ఉండబట్టే మనం నోటికొచ్చిన 12 పదాలు కొడితే చాలాసార్లు ఒప్పుకోదు. నాకు ఈ లెక్క మొదటిసారి అర్థమైన రోజు కాగితం మీద మళ్ళీ మళ్ళీ వేసుకుని చూసుకున్నాను, బ్యాంకు లేదు, సంతకాల ఫారం లేదు, ఆధార్ లేదు, ఒక పెద్ద సంఖ్యే మొత్తం ఖాతా. ఇంత అందమైన ఐడియా నాకు కంప్యూటర్లలో ఇంకోటి తగల్లేదు.

ఈ పదాలు కాగితం మీద రాయండి, వరుస నంబర్లతో సహా. స్క్రీన్‌షాట్ వద్దు, ఫోన్‌లో తీస్తే అది ఫోటోల బ్యాకప్‌లోకి తనంతట తనే పోతుంది, వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోవడం కూడా వద్దు. టెస్ట్ వాలెట్‌కి ఇంత అవసరమా అంటారేమో, అవసరమే. సీడ్ ఫ్రేజ్ కనబడగానే పెన్ను తియ్యడం అనేది చేతికి అలవాటు కావాలి, డబ్బులు పెట్టే రోజు కొత్తగా నేర్చుకుంటాం అంటే కుదరదు. రాశాక ఇంకో పని చెయ్యండి, ఇది చాలామంది చెయ్యరు. ఎక్స్‌టెన్షన్ తీసేసి, మళ్ళీ వేసి, ఆ కాగితం చూసి వాలెట్ వెనక్కి తెచ్చుకోండి. అదే అడ్రస్ మళ్ళీ కనిపిస్తే మీ కాగితం సరైందే. ఈ రిహార్సల్‌కి టెస్ట్ వాలెట్ కంటే మంచి చోటు లేదు, ఏ పదం తప్పు రాసినా నష్టం సున్నా.

వాలెట్ తెరిచాక టెస్ట్ నెట్‌వర్కులు కనబడవు, దాచి ఉంటాయి. నెట్‌వర్కుల జాబితాలోకి వెళ్తే "షో టెస్ట్ నెట్‌వర్క్స్" అని ఒక స్విచ్ ఉంటుంది, వర్షన్ మారినప్పుడల్లా దాని చోటు కొంచెం అటూ ఇటూ అవుతుంటుంది గానీ అక్కడే ఎక్కడో ఉంటుంది. ఆన్ చేస్తే సెపోలియా వచ్చేస్తుంది, చేత్తో ఏ వివరాలూ నింపక్కర్లేదు. జాబితాలో లేని నెట్‌వర్క్ కావాలంటే, ఉదాహరణకి పాలిగాన్ వాళ్ళ ఆమోయ్, దాని చెయిన్ ఐడీ 80002, ఆ ప్రాజెక్ట్ సొంత డాక్యుమెంట్లలోంచి వివరాలు తీసుకోండి. టెలిగ్రామ్‌లో ఎవరో పెట్టిన ఆర్‌పీసీ లింకు (వాలెట్ మాట్లాడే సర్వర్ అడ్రస్) పెట్టుకోకండి, ఆ లింకు వెనక ఉన్న సర్వర్ మీకు లేని బ్యాలెన్స్ ఉన్నట్టు చూపించగలదు, మీ ఐపీ అడ్రస్‌ని మీ వాలెట్ అడ్రస్‌తో కలిపి రాసుకోగలదు.

సెపోలియానే ఎందుకు అంటే కాస్త పాత కథ చెప్పాలి. మొదట్లో రాప్‌స్టెన్ ఉండేది, మైనింగ్‌తో (కంప్యూటర్లతో లెక్కలు చేయించి లావాదేవీల బ్లాకులు తయారు చెయ్యడం) నడిచేది, కాయిన్లకి విలువ లేదు కాబట్టి మైనింగ్ చేసేవాళ్ళు తక్కువ, అదే దాని బలహీనత. 2017 ఫిబ్రవరిలో ఎవరో కొద్దిపాటి మైనింగ్ బలంతోనే చెత్త బ్లాకులతో నింపేసి దాన్ని వాడలేకుండా చేసేశారు. దాంతో కొవాన్, రింకెబీ వచ్చాయి, ఎంపిక చేసినవాళ్ళు మాత్రమే బ్లాకులు తయారు చేసే పద్ధతి. తర్వాత 2019లో గోర్లీ. గోర్లీ చాలాకాలం బాగానే నడిచింది గానీ దాని కాయిన్లు దొరకడం కష్టమైపోయింది, 2023 ఫిబ్రవరిలో ఏకంగా నిజం డబ్బుకి గోర్లీ కాయిన్లు కొనుక్కునే బ్రిడ్జి వచ్చి మార్కెట్ ధర కూడా పుట్టింది. నేర్చుకునే పిల్లలకి ఉచితంగా దొరకాల్సిన దానికి ధర కట్టడం చూసి నాకు ఒళ్ళు మండింది, ఇప్పటికీ మండుతుంది. గోర్లీ పోవడంతో దాని మీద ఆధారపడ్డ పాలిగాన్ ముంబై టెస్ట్‌నెట్ కూడా 2024 ఏప్రిల్‌లో పోయింది, దాని స్థానంలో వచ్చిందే ఆమోయ్. పాత యూట్యూబ్ వీడియోల్లో ఇప్పటికీ గోర్లీ, ముంబై, రింకెబీ అని చెప్తుంటారు, ఆ వీడియో చూసి చేస్తే ఏదీ పనిచెయ్యక మీ తెలివి మీద మీకే అనుమానం వస్తుంది. తప్పు మీది కాదు, ఆ నెట్‌వర్కులే ఇప్పుడు లేవు.

సెపోలియా 2021లో మొదలైంది, వాలిడేటర్లుగా (బ్లాకులు తయారు చేసి సరిచూసేవాళ్ళుగా) అనుమతి ఉన్నవాళ్ళే ఉంటారు, అందుకే నిలకడగా నడుస్తుంది, కాయిన్ల సరఫరాకి కూడా పరిమితి పెట్టలేదు. కాంట్రాక్టులు, డీయాప్‌లు (కాంట్రాక్టుల మీద నడిచే యాప్‌లు) పరీక్షించడానికి ఇదే. వాలిడేటర్ నడపడం నేర్చుకోవాలనుకుంటే వేరే టెస్ట్‌నెట్ ఉంది, దాని పేరు హూడీ, అంతకుముందు హోలెస్కీ ఉండేది. 2025 ఫిబ్రవరిలో హోలెస్కీ మీద ఇథీరియం పెక్ట్రా అప్‌గ్రేడ్ పరీక్షిస్తుంటే కొన్ని క్లయింట్ సాఫ్ట్‌వేర్లలో డిపాజిట్ కాంట్రాక్ట్ అడ్రస్ తప్పుగా ఉండటం వల్ల చెయిన్ చీలిపోయి రెండు వారాల పాటు ఫైనాలిటీ (బ్లాకులు ఇక మారవు అన్న ఖరారు) లేకుండా పోయింది. అది మెయిన్‌నెట్‌లో జరిగుంటే ఏమయ్యేదో ఊహించుకోండి, టెస్ట్‌నెట్లు ఉన్నది అందుకే. ఆ తర్వాత మార్చిలో హూడీ మొదలెట్టారు. ఇథీరియం టెస్ట్‌నెట్లకి రైలు, మెట్రో స్టేషన్ల పేర్లు పెట్టడం ఆనవాయితీ, సెపోలియా ఏథెన్స్‌లో, రాప్‌స్టెన్ స్టాక్‌హోమ్‌లో, హూడీ మాత్రం మన బెంగళూరు పర్పుల్ లైన్ మీదే. వైట్‌ఫీల్డ్ వైపు ఉద్యోగాలకి పోయే మనవాళ్ళు ఎంతమంది రోజూ ఆ స్టేషన్ దాటుతుంటారో, ఆ పేరు ఇథీరియంలో కనబడినప్పుడు నాకు భలే సంతోషం వేసింది.

ఇక కాయిన్లు. వీటిని ఇచ్చే సైట్లని ఫాసెట్ అంటారు, అడ్రస్ పేస్ట్ చేస్తే కొద్దిగా పంపుతాయి. గూగుల్ క్లౌడ్ వాళ్ళ ఫాసెట్ ఉంది, నేను వాడినప్పుడు రోజుకి 0.05 సెపోలియా ఈథర్ (ఈథర్ అంటే ఇథీరియం కాయిన్) ఇచ్చింది. కొన్ని ఫాసెట్లు మీ మెయిన్‌నెట్ అడ్రస్‌లో ఎంతో కొంత నిజం ఈథర్ ఉంటేనే ఇస్తాయి, బాట్‌లని ఆపడానికి వాళ్ళ తిప్పలు అవి, కానీ దానికోసం టెస్ట్ వాలెట్‌లోకి నిజం డబ్బు తేవద్దు, మనం కట్టుకున్న గోడని మనమే కూల్చుకున్నట్టు అవుతుంది. అలాంటప్పుడు ఏమీ అడగని ప్రూఫ్ ఆఫ్ వర్క్ ఫాసెట్ ఉంది, బ్రౌజర్ ట్యాబ్ తెరిచి ఉంచితే కంప్యూటర్ లెక్కలు చేసి కాయిన్లు సంపాదిస్తుంది, ల్యాప్‌టాప్ వేడెక్కుతుంది గానీ పని అవుతుంది. ఏ ఫాసెట్ అయినా అడగాల్సింది అడ్రస్ ఒక్కటే. సీడ్ ఫ్రేజ్ అడిగితే, "వాలెట్ వ్యాలిడేట్ చెయ్యండి" అంటే, చిన్న ఫీజు కట్టమంటే, ట్యాబ్ మూసెయ్యండి. టెస్ట్ కాయిన్లు అమ్ముతాం అని గ్రూపుల్లోకి వచ్చేవాళ్ళకి రూపాయి కూడా పంపొద్దు.

గ్రూపులు అన్నాను కాబట్టి ఇది కూడా చెప్పేస్తాను. 2022 అక్టోబర్‌లో ఆప్టోస్ అనే బ్లాక్‌చెయిన్ వాళ్ళు టెస్ట్‌నెట్‌లో పాల్గొన్నవాళ్ళకి నిజం టోకెన్లు పంచారు, అది నిజంగానే జరిగింది, అప్పట్నుంచి "ఈ టెస్ట్‌నెట్‌లో రోజూ పది క్లిక్కులు కొట్టండి, ఎయిర్‌డ్రాప్ వస్తుంది" అనే వీడియోలు ఆగట్లేదు. ఉద్యోగం లేని కుర్రాళ్ళు పొద్దున్నించి రాత్రి దాకా ఇరవై వాలెట్లతో ఈ క్లిక్కులు కొడుతూ కూర్చుంటున్నారు, చూస్తే బాధేస్తుంది. వాటిలో చాలా వాటికి ఏమీ రాదు, వచ్చినా బాట్ అని తీసేస్తారు, మధ్యలో ఎవడో ఒక లింకు పంపి "క్లెయిమ్ చేసుకోండి" అంటాడు, అక్కడ సంతకం పెట్టిస్తాడు. ఆ టైమ్‌లో ఒక్క ఈఆర్‌సీ-20 కాంట్రాక్ట్ (సొంత టోకెన్ తయారు చేసే కాంట్రాక్ట్) రాయడం నేర్చుకున్నా మీ చేతిలో మిగిలేది ఎక్కువ.

సరే, కాయిన్లు వచ్చాయి అనుకోండి. ఇప్పుడు రెండో అకౌంట్ ఒకటి యాడ్ చేసి మొదటిదాన్నించి దానికి 0.01 పంపండి. తొందరపడి కన్ఫర్మ్ కొట్టకండి, ఆ స్క్రీన్ మీద ఉన్న ప్రతి గీత చదవండి. పైన నెట్‌వర్క్ పేరు, ఎవరికి, ఎంత, ఫీజు ఎంత. కొట్టాక ఒక పన్నెండు సెకన్లు అటూ ఇటూగా, బ్లాక్ వచ్చే టైమ్ అంతే, కన్ఫర్మ్ అవుతుంది. అప్పుడు సెపోలియా ఈథర్‌స్కాన్ (చెయిన్ మీది లావాదేవీలు చూపించే సైట్) తెరిచి ఆ లావాదేవీ చూడండి. గ్యాస్ (లావాదేవీకి పట్టే పని కొలత) దగ్గర 21,000 అని ఉంటుంది, మామూలు అకౌంట్ నుంచి అకౌంట్‌కి ఈథర్ పంపితే ఎవరు పంపినా, పది పైసల విలువ పంపినా పది కోట్లు పంపినా అదే అంకె. గ్యాస్ ధర ఒక గ్వెయ్ (ఈథర్‌లో వంద కోట్లో వంతు) అనుకుంటే ఫీజు 0.000021 ఈథర్, అంటే ఆ 0.05 తోనే ఇలాంటివి రెండు వేల పైచిలుకు చెయ్యొచ్చు. నాన్స్ (అకౌంట్ పంపిన లావాదేవీల వరుస నంబర్) దగ్గర 0 ఉంటుంది, మీ అకౌంట్ నుంచి వెళ్ళిన మొదటి లావాదేవీ అది. ఇంకోటి పంపితే 1 అవుతుంది. అడ్రస్‌లో కొన్ని అక్షరాలు పెద్దవి కొన్ని చిన్నవి ఎందుకున్నాయో కూడా గమనించండి, అది అలంకారం కాదు, ఆ పెద్ద చిన్న అమరికలోనే చెక్‌సమ్ దాగి ఉంది, ఒక అక్షరం తప్పు కొడితే వాలెట్ దాదాపు ప్రతిసారీ పట్టేస్తుంది. ఫీజులో బేస్ ఫీ (నెట్‌వర్క్ నిర్ణయించే కనీస ధర) భాగం ఇక్కడ కూడా కాలిపోతుంది, అంటే ఎవరికీ చేరకుండా రద్దైపోతుంది, మెయిన్‌నెట్‌లో జరిగేదే ఇక్కడా జరుగుతుంది, తేడా ఏమీ లేదు.

డీయాప్‌లకి కనెక్ట్ అయ్యేటప్పుడు మాత్రం కళ్ళు పెద్దవి చేసుకుని చూడండి. సైట్ మిమ్మల్ని నెట్‌వర్క్ మార్చమని అడగొచ్చు, ఒక చిన్న పాపప్ వస్తుంది, మనం సెపోలియాలోనే ఉన్నాం కదా అన్న ధీమాలో ఓకే కొట్టేస్తాం, ఆ తర్వాత వచ్చే సంతకం మెయిన్‌నెట్ మీద చెల్లుబాటయ్యేది అయి ఉండొచ్చు. అప్రూవ్ (మీ టోకెన్లు తీసుకునే అనుమతి) అని వచ్చినప్పుడు ఎంత మొత్తానికో చూడండి, అపరిమితం అని ఉంటే ఆ అంకె మార్చి మీకు కావలసినంత పెట్టడం ఇక్కడే ప్రాక్టీస్ చెయ్యండి. వేరే సీడ్ ఫ్రేజ్, వేరే ప్రొఫైల్ పెట్టుకున్నందుకు ఇక్కడ ఫలితం దక్కుతుంది, పొరపాటున ఎక్కడ సంతకం పెట్టినా ఆ వాలెట్‌లో దోచుకోవడానికి ఏమీ ఉండదు.

కోడ్ రాసేవాళ్ళకి ఇంకో మాట. హార్డ్‌హ్యాట్ (కాంట్రాక్టులు రాసి పరీక్షించే టూల్) నుంచి సెపోలియాలో డిప్లాయ్ చెయ్యాలంటే ప్రైవేట్ కీ ఇవ్వాలి, దాన్ని ఎన్వ్ ఫైల్‌లో పెడతారు, ఆ ఫైల్ గిట్‌ఇగ్నోర్‌లో (గిట్‌హబ్‌కి పంపకూడని ఫైళ్ళ జాబితాలో) ఉందో లేదో మొదటి కమిట్‌కి ముందే చూసుకోండి. గిట్‌హబ్‌లో బయటపడ్డ కీలని వెతికి పట్టుకునే బాట్లు రాత్రీ పగలూ తిరుగుతుంటాయి. తర్వాత ఫైల్ డిలీట్ చేసినా పాత కమిట్‌లో అది అలాగే ఉంటుంది, కాబట్టి ఒకసారి బయటికి పోయిన కీని వదిలెయ్యడమే. హార్డ్‌హ్యాట్ మీ కంప్యూటర్లోనే నడిపే లోకల్ చెయిన్ ఉంది, ఐడీ 31337, అందులో 20 అకౌంట్లు ఒక్కోదాంట్లో 10,000 ఈథర్‌తో రెడీగా వస్తాయి. వాటి సీడ్ ఫ్రేజ్ ప్రపంచంలో అందరికీ ఒకటే, "టెస్ట్" అనే పదం పదకొండుసార్లు, చివర్లో "జంక్". ఆ అడ్రస్‌లకి మెయిన్‌నెట్‌లో పొరపాటున కూడా ఏమీ పంపొద్దు, పడిన క్షణంలో ఎవడో ఒకడి బాట్ ఊడ్చేస్తుంది. లోకల్ చెయిన్ ఆపి మళ్ళీ మొదలెట్టాక లావాదేవీలు కదలకుండా ఆగిపోతే కంగారు పడకండి, చెయిన్ నాన్స్ 0 కి వెళ్ళిపోయింది, మెటామాస్క్ మాత్రం పాత అంకె దగ్గరే ఉంది, సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ కింద యాక్టివిటీ డేటా క్లియర్ చేస్తే సరిపోతుంది.

మొదటి కాంట్రాక్ట్‌కి ఇంత సెటప్ కూడా అక్కర్లేదు, రీమిక్స్ అని బ్రౌజర్‌లోనే నడిచే ఎడిటర్ ఉంది, దాన్ని ఆ నారింజ ప్రొఫైల్‌లోనే తెరవండి. ఒక నంబర్ దాచుకునే నాలుగు లైన్ల కాంట్రాక్ట్ రాసి కంపైల్ చేసి, డిప్లాయ్ ట్యాబ్‌లో ఎన్విరాన్‌మెంట్ దగ్గర మెటామాస్క్ ఎంచుకోండి. దాని పక్కన మీరు కనెక్ట్ అయిన నెట్‌వర్క్ ఐడీ చూపిస్తుంది. 11155111 ఉంటే డిప్లాయ్ నొక్కండి. ఉత్త 1 ఉంటే ఆగి వాలెట్‌లో నెట్‌వర్క్ మార్చి, ఆ నంబర్ మారాకే ముందుకెళ్ళండి. ఎక్కడైనా ఆగిపోతే ఈథర్‌స్కాన్ లింకు కింద కామెంట్లో పెట్టండి, లావాదేవీ చూసి ఏం జరిగిందో చెప్తాను. లింకు మాత్రమే పెట్టండి, 12 పదాలు నేనడిగినా ఇవ్వొద్దు.